రెండు ల్యాబుల్లో రెండు రకాల మలం కల్చర్ రిపోర్టులు: దేన్ని నమ్మాలి?

అమ్మా, మీరు రాసింది నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను. తేడా ఉంటే సరిచేయండి. మీ ఆరేళ్ల పాపకి శుక్రవారం రాత్రి నుంచి జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, జిగటతో, రక్తంతో మోషన్స్. శనివారం మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ సిరప్ మొదలుపెట్టారు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మలం శాంపిల్ తీసి ఫ్రిజ్‌లో పెట్టి, సోమవారం పొద్దున పదింటికి కల్చర్‌కు, అంటే మలంలోని క్రిములను పెంచి చూసే పరీక్షకు, ల్యాబులో ఇచ్చారు. వాళ్లు "ఇ.కోలై పెరిగింది" అని రాసి, కింద పదిహేను మందుల పేర్లు వేసి, కొన్నింటి ఎదుట ఎస్ (పనిచేస్తుంది) అని, కొన్నింటి ఎదుట ఆర్ (పనిచేయదు) అని పెట్టారు. సోమవారమే పిల్లల డాక్టరు చూసి మందు మార్చారు. మనసు ఊరుకోక మంగళవారం ఇంకో ల్యాబులో ఇస్తే "సాల్మొనెల్లా, షిగెల్లా పెరగలేదు" అని వచ్చింది, ఆ రెండూ విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియాలు. ఇప్పుడు పాపకి జ్వరం లేదు, రక్తం ఆగింది, రోజుకు రెండుసార్లు మెత్తగా అవుతోంది. ఏ రిపోర్టు నిజం, మొదటి జాబితాలో ఎస్ అని ఉన్న ఎమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయించాలా అన్నది మీ టెన్షన్.

నేను ఇరవై ఆరేళ్లుగా మైక్రోబయాలజీ ల్యాబులోనే పనిచేస్తున్నాను. పాపను చూసిన డాక్టరుగారి మాటే చివరి మాట. నా వరకు చెప్పాలంటే, ఆ రిపోర్టు చూసి ఆ ఇంజెక్షన్లు వేయించవద్దు. ఇక రిపోర్టులంటారా, రెండూ నిజమే. ఇంకా చెప్పాలంటే రెండూ చెబుతున్నది ఒకటే: "మేము వెతికిన క్రిమి మాకు దొరకలేదు." మొదటి ల్యాబు ఆ మాటను ఆ రూపంలో రాయలేదు, అంతే.

ఇ.కోలై అనే బ్యాక్టీరియా పెరగని మలం మా టేబుల్ మీదికి దాదాపు రాదు. మీ మలం ఇచ్చినా, నా మలం ఇచ్చినా, ఏ జబ్బూ లేని పసిబిడ్డది ఇచ్చినా ప్లేటు, అంటే క్రిములను పెంచే చిన్న పళ్లెం, నిండా పెరిగేది అదే. 1885లో జర్మన్ పిల్లల వైద్యుడు థియోడోర్ ఎషెరిక్ దాన్ని మొదట వర్ణించింది కూడా శిశువుల మలంలో చూసే. పేగుల్లో ఉండే బ్యాక్టీరియాలో ఇది నూటికి ఒక వంతు కూడా ఉండదు. మిగతావాటిలో ఎక్కువభాగం గాలి తగిలితే బతకనివి కాబట్టి, మామూలు ప్లేటు మీద కనిపించేది ఇదే. మూత్రంలో ఇ.కోలై పెరిగితే అది వేరే సంగతి, అక్కడ అది ఉండకూడదు. మలంలో అది ఉండాల్సిన చోటే ఉంది.

మరి ఇ.కోలై వల్ల విరేచనాలు రావా అంటే, వస్తాయి. అందులో జబ్బు చేసే రకాలు కొన్ని ఉన్నాయి. ప్రయాణాల్లో నీళ్లు పడక వచ్చే నీళ్ల విరేచనాలకు ఒక రకం, పసిపిల్లల విరేచనాలకు ఒకటి, షిగెల్లాలాగే జిగట విరేచనాలు తెచ్చేది ఒకటి, షిగా టాక్సిన్ అనే విషాన్ని విడుదల చేసి మూత్రపిండాల మీదికి తెచ్చేది ఇంకొకటి. చిక్కేమిటంటే ప్లేటు మీద ఇవి మంచి ఇ.కోలై లాగానే కనిపిస్తాయి. వాటి జన్యువులనో విషాన్నో పట్టుకునే పరీక్ష చేస్తేగాని తేడా తెలియదు. ఓ157 అనే ఒక్క రకానికి మాత్రం సార్బిటాల్ కలిపిన ప్రత్యేకమైన ప్లేటు ఉంది. దాని మీద మిగతావి గులాబీ రంగుకు తిరిగితే ఇది రంగు లేకుండా ఉంటుంది. మీ రిపోర్టులో అలాంటి పరీక్ష చేసినట్టు ఎక్కడా లేదు. ఏ రకమో చెప్పకుండా ఉత్తి "ఇ.కోలై పెరిగింది" అని మలం రిపోర్టులో రాస్తే చదివేవాళ్లు దాన్ని జబ్బు అనుకుంటారు. ఇది మా వృత్తిలో జరుగుతున్న తప్పు. ఇలాంటి రిపోర్టు పట్టుకుని కన్నీళ్లతో వచ్చిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక ఆ మందుల జాబితా. సెన్సిటివిటీ అంటే, పెరిగిన క్రిమిని ప్లేటు మీద పరచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి, ఏ బిళ్ల చుట్టూ క్రిమి పెరగకుండా ఖాళీ వలయం వస్తుందో కొలవడం. జబ్బు చేసిన క్రిమి మీద చేస్తే అది బంగారంలాంటి సమాచారం. పేగుల్లో కాపురం ఉండే మామూలు ఇ.కోలై మీద చేస్తే, మీ పాప జబ్బుకు ఏ మందు పనిచేస్తుందో అది చెప్పదు. పైగా ఎమికాసిన్ సంగతి వేరే ఉంది. జెంటామైసిన్, ఎమికాసిన్ జాతి మందులు, సెఫలోస్పోరిన్లు అనే యాంటీబయాటిక్స్‌లో మొదటి రెండు తరాలవి, ప్లేటు మీద సాల్మొనెల్లానీ షిగెల్లానీ చంపినట్టే కనిపిస్తాయి, రోగి ఒంట్లో మాత్రం పనిచేయవు. కాబట్టి ఈ రెండు క్రిముల విషయంలో ఆ మందుల ఎదుట "పనిచేస్తుంది" అని రాయకూడదని మేము పాటించే ప్రమాణాల్లోనే ఉంది. అంటే మీ పాపది నిజంగా షిగెల్లాయే అయినా, ఎమికాసిన్ ఎదుట ఉన్న ఎస్ అక్షరానికి విలువ లేదు. ఆ మందుకు మూత్రపిండాల మీద, వినికిడి మీద ప్రభావం ఉంటుంది. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన పిల్లలకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

రెండో రిపోర్టుకు వద్దాం. పెరగలేదంటే లేదనే కదా అని అడిగారు. కాదు. కల్చర్ ఎలా చేస్తామో తెలిస్తే ఇది మీకే అర్థమవుతుంది.

మలం కల్చర్‌లో మేము చేసేది పెద్ద గుంపులో ఒక మనిషిని వెతకడం లాంటి పని. గ్రాము మలంలో ఇ.కోలై కోట్లలో ఉంటుంది. వెతికే షిగెల్లా వాటి మధ్య కొద్దిగానే ఉండొచ్చు. అందుకని మామూలు వాటిని అణచి, కావలసిన వాటిని పెరగనిచ్చే ప్లేట్లు వాడతాం. ఎక్స్‌ఎల్‌డీ అనే ఎర్రటి ప్లేటు మీద ఇ.కోలై పసుపుపచ్చగా వస్తుంది. షిగెల్లా ఎర్రగా, సాల్మొనెల్లా ఎర్రగా మధ్యలో నల్లచుక్కతో వస్తాయి. పక్కనే సెలెనైట్ ద్రవంలో కొంచెం శాంపిల్ వేసి, తక్కువ సంఖ్యలో ఉన్న సాల్మొనెల్లాకు బలం పుంజుకునే అవకాశం ఇస్తాం. ఒక రాత్రి 37 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో ఉంచి, మర్నాడు పొద్దున ప్లేట్లు వెలుతురులో పెట్టి చూస్తాం. అనుమానం ఉన్న చుక్కను సూదితో తీసి చక్కెరలు, యూరియా వగైరాలతో పరీక్షిస్తాం. ప్రోటియస్ అనే మామూలు క్రిమి కూడా నల్లచుక్కతో వచ్చి సాల్మొనెల్లాలా మోసం చేస్తుంది. యూరియా పరీక్షలో అది దొరికిపోతుంది. ఆ తర్వాత యాంటీసీరం, అంటే ఆ క్రిమిని గుర్తుపట్టే ద్రవం, ఒక చుక్క కలిపి గడ్డకడుతుందో లేదో చూడాలి, చివరికి సెన్సిటివిటీ. మొత్తం మూడు నాలుగు రోజుల పని. మర్నాటికల్లా సెన్సిటివిటీతో సహా రిపోర్టు చేతికొస్తే, ఈ మెట్లన్నీ ఎక్కారా అని అడగడంలో తప్పు లేదు.

ఇదంతా శాంపిల్‌లో క్రిమి బతికి ఉంటేనే. మీ పాప విషయంలో అది బతకడానికి అడ్డంకులు ఎన్ని వచ్చాయో చూడండి. శనివారమే యాంటీబయాటిక్ పడింది. ఒకటి రెండు మోతాదులకే కల్చర్‌లో క్రిమి దొరకడం కష్టమైపోతుంది. జబ్బు తగ్గిందా అంటే, తగ్గాల్సిన పని లేదు, క్రిమి ప్లేటు మీద పెరిగే స్థితిలో లేకపోతే చాలు. ఆ తర్వాత పదమూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంది. మలం నిలవ ఉన్నకొద్దీ అందులోని బ్యాక్టీరియా పనిచేసి ఆమ్లత పెరుగుతుంది, షిగెల్లా ఆమ్లానికి తట్టుకోలేదు, చల్లదనానికీ తట్టుకోలేదు. ఇ.కోలైకి అవేమీ లెక్కలేదు, హాయిగా ఉంటుంది. మొదటి ల్యాబుకు అది తప్ప ఇంకేం దొరుకుతుంది? రెండో శాంపిల్ ఇచ్చేసరికి మందు కూడా మారింది, పాప కోలుకుంటోంది.

మీది తప్పు అని అనడం లేదు. అర్ధరాత్రి జ్వరంతో మెలికలు తిరుగుతున్న బిడ్డను పెట్టుకుని ఎవరైనా అదే చేస్తారు. ఈ సంగతులు డబ్బా ఇచ్చేటప్పుడు మీకు ఎవరో ఒకరు చెప్పాల్సింది. ఇంజెక్షన్ సీసాల్లో, అగ్గిపెట్టెల్లో, ఫినాయిల్ వాసన కొడుతున్న మగ్గుల్లో వచ్చిన శాంపిల్స్ నేను చూశాను. ఒకసారి మా దగ్గరికి ఒక హాస్టల్ నుంచి ఒకే రోజు తొమ్మిదిమంది పిల్లల శాంపిల్స్ వచ్చాయి. అందరికీ అప్పటికే రెండు రోజులుగా మాత్రలు ఇచ్చారు. తొమ్మిదింటిలో ఒక్కదానిలోనూ ఏమీ పెరగలేదు. ఏ క్రిమి అంతమందిని పడుకోబెట్టిందో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే అవకాశం మాత్రలు మొదలైన రోజే పోయింది. ఆ తొమ్మిది ప్లేట్లు చూసిన బాధ నాకు ఇప్పటికీ ఉంది.

శాంపిల్ తీసే పద్ధతి ఇక్కడే రాసేస్తాను. ల్యాబు ఇచ్చిన మూత బిగించే డబ్బాలోనే తీసుకోవాలి. పాపను ముందు మూత్రం పోయించి, తర్వాత శుభ్రంగా కడిగి ఆరబెట్టిన బేసిన్‌లోనో, పరిచిన ప్లాస్టిక్ కవరు మీదనో కూర్చోబెట్టాలి. మూత్రం, నీళ్లు, బాత్రూం కడిగే మందులు తగలకూడదు. జిగట, రక్తం, చీము ఉన్న భాగాన్ని చూసి డబ్బాతో వచ్చే చెంచాతో అదే తీయాలి. క్రిమి ఎక్కువగా ఉండేది అక్కడే, చాలామంది మాత్రం అది వదిలేసి శుభ్రంగా కనిపించేది తీస్తారు. గట్టిగా ఉంటే వేరుశనగ గింజంత, నీళ్లగా ఉంటే ఒక టీస్పూను చాలు, డబ్బా నింపక్కర్లేదు. రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి. కుదరదంటే ముందుగానే ల్యాబుకు వెళ్లి క్యారీ-బ్లేర్ ట్యూబు అడగండి, క్రిములను మర్నాటిదాకా బతికించి ఉంచే మాధ్యమం అది. డైపర్ వేసే పిల్లలకైతే డైపర్‌ను తిరగేసి, పీల్చుకోని ప్లాస్టిక్ వైపు లోపలికి వచ్చేలా వేస్తే ద్రవం నిలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే శాంపిల్ తీయాలి. శాంపిల్ తీశాక మందు మొదలుపెట్టొచ్చు, రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. "పెరగలేదు" అన్న మాట ల్యాబు వెతికిన వాటికే వర్తిస్తుంది. మీ రెండో రిపోర్టు ఆ విషయంలో నిజాయితీగా ఉంది, సాల్మొనెల్లా, షిగెల్లా అని పేర్లు పెట్టి రాసింది. కోళ్ల నుంచి వచ్చే క్యాంపైలోబ్యాక్టర్‌కు 42 డిగ్రీల వేడి, మామూలు గాలికన్నా బాగా తక్కువ ఆక్సిజన్ కావాలి. ఆ ఏర్పాటు మన దగ్గర చాలా ల్యాబుల్లో లేదు. కలరా క్రిమికి క్షారగుణం ఉన్న పెప్టోన్ నీళ్లు, టీసీబీఎస్ అనే ఆకుపచ్చ ప్లేటు కావాలి, ఆ ప్లేటు మీద అది పసుపు రంగులో వస్తుంది. దాని దూరపు చుట్టం విబ్రియో పారాహీమోలిటికస్ ఆకుపచ్చగానే వస్తుంది. సరిగా ఉడకని రొయ్యలు, చేపలు, పీతలు తిన్నాక విరేచనాలు పట్టుకుంటే దాన్ని అనుమానించాలి, మన కోస్తా వాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. బియ్యం కడిగిన నీళ్లలా ఆగకుండా పోతుంటే కలరా కోసం చూడమని డాక్టరు ఇచ్చే పరీక్ష చీటీలో రాయించాలి. రాయకపోతే చాలాచోట్ల ఆ ప్లేటు అసలు వేయరు. అందుకే శాంపిల్‌తో పాటు ఎన్ని రోజులుగా ఉంది, రక్తం ఉందా, ఏం తిన్నారు, ఏం మందు వాడారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నది రెండు ముక్కలు రాసిస్తే మాకు చేతికి దీపం ఇచ్చినట్టే.

ఆసుపత్రిలో చేరి మూడు రోజులు దాటాక కొత్తగా విరేచనాలు మొదలైన పెద్దవాళ్ల లెక్క వేరు. వాళ్లకు ఈ మామూలు కల్చర్ వల్ల ఉపయోగం తక్కువ. యాంటీబయాటిక్స్ వాడాక విజృంభించే క్లాస్ట్రిడియాయిడెస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా విషం కోసం పరీక్ష చేయించాలి. మీ పాపకు అది సంబంధించింది కాదు.

మీరు పంపిన మామూలు మల పరీక్షలో, అంటే మైక్రోస్కోపు కింద చూసినదాంట్లో, చీము కణాలు "నిండుగా" అని, ఎర్ర రక్తకణాలు ఉన్నాయని, "అమీబా సిస్టులు కనిపించాయి" అని ఉంది. నా దృష్టిలో మీ దగ్గరున్న కాగితాల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. జ్వరం, రక్తం, జిగట, నిండా చీము కణాలు కలిసి వచ్చాయంటే పేగు గోడలోకి చొరబడే బ్యాక్టీరియా, ముఖ్యంగా షిగెల్లా, వైపే చూపిస్తుంది. 1897లో జపాన్‌లో తొంభై వేలమందికి పైగా రక్త విరేచనాలు సోకిన ఉపద్రవంలో కియోషి షిగా పట్టుకున్న క్రిమి అది, ఆయన పేరే దానికి పెట్టారు. మీ డాక్టరుగారు కల్చర్ కోసం ఎదురుచూడకుండా దానికి తగ్గట్టు మందు మార్చారు, పాప తేరుకుంది. సరైన పనే చేశారు. అమీబా మాటకు వస్తే, సిస్టు, అంటే చుట్టూ పొర కట్టుకుని కదలకుండా ఉన్న అమీబా, కనిపించినంత మాత్రాన అమీబియాసిస్ కాదు. హాని చేయని డిస్పార్ అనే అమీబా సిస్టు కూడా మైక్రోస్కోపులో అచ్చం అలాగే ఉంటుంది. ఎర్ర రక్తకణాలను మింగి కదులుతున్న అమీబా కనిపిస్తే అది గట్టి ఆధారం, అది చూడాలంటే మలం అరగంటలోపు, వెచ్చగా ఉండగా చూడాలి. దీని గురించి డాక్టరుగారిని ఒకసారి అడగండి, మీ అంతట మీరు మాత్రలు కలపకండి.

పీసీఆర్ చేయిస్తే తేలిపోతుందని మీ తమ్ముడు అన్నారట. మలంలోని జన్యు పదార్థాన్ని వెతికి, ఒకేసారి ఇరవై రెండు రకాల క్రిములను గంటలో చెప్పే ప్యానెల్ ఉన్నమాట నిజమే. మందు పడిన తర్వాత కూడా, క్రిమి చచ్చిపోయినా అది పట్టుకోగలదు, కల్చర్ చేయలేనిది అక్కడ అది చేస్తుంది. తీవ్రంగా ఉన్న బిడ్డకు, రోగనిరోధక శక్తి తగ్గిన వాళ్లకు చాలా విలువైనది. కానీ ఏ మందు పనిచేస్తుందో అది చెప్పదు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని షిగెల్లా మన దేశంలో మామూలైపోయిన ఈ రోజుల్లో ఆ సమాధానం బతికున్న క్రిమి నుంచే రావాలి. పైగా వేలల్లో ఖర్చు. కోలుకుంటున్న పాపకు ఇప్పుడు దానివల్ల వైద్యం మారదు కాబట్టి నేనైతే చేయించను.

మీ అత్తగారు టైఫాయిడ్ కోసం చేసే వైడల్ అనే రక్త పరీక్ష కూడా చేయించమంటున్నారని రాశారు. జ్వరం తగ్గిన పాపకు వద్దు. టైఫాయిడ్ అనుమానం ఉంటే మొదటి వారంలో చేయాల్సింది రక్తం కల్చర్. మలంలో ఆ క్రిమి కనిపించడం ఎక్కువగా రెండో మూడో వారంలో. మన ఊళ్లలో చాలామందికి పాత ఇన్ఫెక్షన్ల వల్లా టీకాల వల్లా వైడల్ ఎంతో కొంత పాజిటివ్ వస్తుంది. ఒక్కసారి చేసిన వైడల్‌తో టైఫాయిడ్ అని తేల్చి మందులు వాడటం సరికాదు.

తగ్గిందో లేదో చూడటానికి మూడో కల్చర్ కూడా అక్కర్లేదు, మోషన్ మామూలుగా అవుతుంటే అదే రుజువు. వంట పని చేసేవాళ్లకూ, పసిపిల్లలను చూసేవాళ్లకూ మాత్రం కొన్నిసార్లు మళ్లీ పరీక్ష అడుగుతారు. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ చెప్పినన్ని రోజులూ పూర్తి చేయండి. మోషన్ అయిన ప్రతిసారీ ఓఆర్ఎస్ తాగించండి, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు పెట్టండి, పస్తు పెట్టవద్దు. షిగెల్లా పదుల సంఖ్యలో కడుపులోకి పోయినా చాలు, ఇంకొకరికి అంటుకుంటుంది. కాబట్టి చిన్నబాబును చూసుకునే మీరు పాపను కడిగిన ప్రతిసారీ సబ్బుతో చేతులు రుద్ది కడుక్కోండి, పాపకూ కడిగించండి. మోషన్స్ పూర్తిగా ఆగి రెండు రోజులయ్యాక బడికి పంపండి.

వచ్చే వారం పది రోజులు కనిపెట్టి ఉండండి. పాప ముఖం పాలిపోయినా, మూత్రం బాగా తగ్గినా, ముఖమో కాళ్లో వాచినా, మత్తుగా పడుకున్నా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లి, రక్త విరేచనాలు అయిన సంగతి చెప్పండి. షిగా విషం చేసే క్రిముల తర్వాత కొద్దిమంది పిల్లల్లో మూత్రపిండాలు దెబ్బతినేది ఈ వారం పది రోజుల్లోనే. మళ్లీ రక్తం కనిపిస్తే కొత్త మందు నోట్లో పడకముందే శాంపిల్ తీసి నేరుగా ల్యాబుకు పట్టుకెళ్లండి, చీటీ మీద ఇంతకుముందు వాడిన రెండు మందుల పేర్లూ రాయండి. ఈ మూడు కాగితాలూ పారేయకుండా పాప ఫైల్లో ఉంచండి. మొదటి రిపోర్టు మీద మాత్రం "శాంపిల్‌కు ముందు మందు వాడాం, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంది" అని పెన్నుతో రాసి పెట్టండి. రేపు ఇంకో డాక్టరు ఆ ఇ.కోలై చూసి ఇంజెక్షన్ రాయబోతే ఆ వాక్యం చూపించవచ్చు.